గెస్ట్ వైఫై కనెక్ట్ అవుతుంది కానీ ఐపీ రాదు: వీల్యాన్ ఎక్కడ తెగిందో పట్టుకోవడం

సమస్య: ఒకే యాక్సెస్ పాయింట్ మీద స్టాఫ్‌కి వీల్యాన్ 10 ట్యాగ్ లేకుండా, గెస్ట్‌కి వీల్యాన్ 20 ట్యాగ్‌తో పెట్టారు. (వీల్యాన్ అంటే అవే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్, ట్యాగ్ అంటే డేటా ఏ వీల్యాన్‌దో చెప్పే గుర్తు.) స్టాఫ్ వైఫై బాగానే ఉంది. గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ తీసుకుంటుంది కానీ ఐపీ ఇవ్వదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది.

దయచేసి వెంటనే యాక్సెస్ పాయింట్‌ను రీసెట్ చేయకండి. మామూలు పాస్‌వర్డ్ వైఫైలో ఆ పాస్‌వర్డ్ సరిచూడటం ఫోన్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ మధ్యే ముగిసిపోతుంది. వీల్యాన్ 20కి అసలు పరీక్ష డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీసు) దగ్గరే మొదలవుతుంది. కాబట్టి ముందు స్విచ్ వైపు చూడాలి.

మొదటి చెక్: యాక్సెస్ పాయింట్ కేబుల్ ఇప్పుడు ఏ పోర్టులో ఉంది, ఆ పోర్టు ట్రంకేనా (చాలా వీల్యాన్‌లను ట్యాగ్‌లతో మోసేదేనా)? డ్రాయింగ్‌లో కాదు, ర్యాక్ దగ్గరికి వెళ్లి చూడండి. కేబుళ్లు సర్దేటప్పుడు పక్క పోర్టులోకి మారిపోవడం మామూలే. పోర్టు వీల్యాన్ 10 యాక్సెస్ మోడ్‌లో (ఆ ఒక్క వీల్యాన్‌కే, ట్యాగ్ లేకుండా) ఉంటే ట్యాగ్ లేని స్టాఫ్ ట్రాఫిక్ వెళ్తుంది, 20 ట్యాగ్‌తో వచ్చింది అక్కడే పోతుంది. ఇంత తేలికైన చెక్‌ను వదిలేసి గంటలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

పోర్టు సరిగ్గానే ఉందా? అయితే గంటలు తినేసే అసలు కారణానికి వద్దాం: మధ్యలో ఉన్న స్విచ్.

సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లో ట్రంక్ పెడితే డిఫాల్ట్‌గా 1 నుంచి 4094 వరకు అన్ని వీల్యాన్‌లకూ అనుమతి ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు. కానీ ఆ స్విచ్ డేటాబేస్‌లో వీల్యాన్ 20ని సృష్టించకపోతే, ఆ వీల్యాన్ ఫ్రేములను (డేటా ముక్కలను) అది ముందుకు పంపదు. అనుమతి ఉండటం వేరు, వీల్యాన్ ఉండటం వేరు. లింక్ లైటు వెలుగుతూనే ఉంటుంది, స్టాఫ్ ట్రాఫిక్ నడుస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' కమాండ్ కొట్టి, మొదటి జాబితాలతో ఆగిపోకుండా కిందికి చదవండి. 'అలౌడ్' జాబితాలో 20 ఉండి, దాని కిందే ఉన్న 'అలౌడ్ అండ్ యాక్టివ్' జాబితాలో లేకపోతే దొంగ దొరికినట్టే. ఆ స్విచ్‌లో వీల్యాన్ 20 సృష్టించండి. అది వీటీపీ (వీల్యాన్ జాబితాను స్విచ్‌ల మధ్య పంచే సిస్కో పద్ధతి) క్లయింట్ మోడ్‌లో ఉంటే ఆ పని వీటీపీ సర్వర్ స్విచ్‌లో చేయాలి.

స్విచ్‌లు ఎక్కువైతే ఫోన్ మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో ఫోన్‌ను గుర్తించే నంబర్) వెంబడించండి. గెస్ట్ వైఫై వివరాల్లో కనిపించే మ్యాక్‌నే తీసుకోండి, ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మ్యాక్ వాడుతుంటాయి. ప్రతి స్విచ్‌లో వీల్యాన్ 20 మ్యాక్ టేబుల్ (ఏ మ్యాక్ ఏ పోర్టులో కనిపించిందో చెప్పే జాబితా) చూస్తూ రౌటర్ వైపు వెళ్లండి. ఏ స్విచ్‌లో కనిపించడం మానేసిందో, తెగింది ఆ స్విచ్‌లోనో దానికి ముందో. రౌటర్ దాకా కనిపిస్తే డీహెచ్‌సీపీ పూల్ (పంచడానికి పెట్టిన ఐపీలు) చూడండి. డీహెచ్‌సీపీ సర్వర్ వేరే వీల్యాన్‌లో ఉంటే హెల్పర్ అడ్రస్ (ఐపీ అడిగే సందేశాన్ని ఆ సర్వర్‌కి చేరవేసే సెట్టింగ్) కూడా చూడండి.

ఒక జాగ్రత్త: అలౌడ్ జాబితాలో వీల్యాన్ చేర్చేటప్పుడు కమాండ్‌లో 'యాడ్' అనే పదం మరిచిపోతే పాత జాబితా మొత్తం చెరిగిపోతుంది. అప్పుడు స్టాఫ్ వైఫై కూడా పడిపోతుంది.

గెస్ట్‌కి స్టాఫ్ ఐపీ వస్తుంటే యాక్సెస్ పాయింట్‌లో ఆ వైఫై పేరుకు వీల్యాన్ నంబర్ ఇవ్వలేదేమో చూడండి. యాక్సెస్ పాయింటే కంట్రోలర్‌లో (యాక్సెస్ పాయింట్లను నడిపే సాఫ్ట్‌వేర్) కనిపించకుండా పోతే, మేనేజ్‌మెంట్ వీల్యాన్‌ను ఒకవైపు ట్యాగ్‌తో, మరోవైపు నేటివ్‌గా (ట్యాగ్ లేకుండా) పెట్టారేమో చూడండి. ఐపీ వచ్చినా నెట్ రాకపోతే రౌటర్‌లో ఆ సబ్‌నెట్‌కి (గెస్ట్ ఐపీల గుంపుకి) నాట్ (లోపలి ఐపీలను బయటి ఐపీగా మార్చేది), ఫైర్‌వాల్ రూల్స్ చూడాలి. ఫర్మ్‌వేర్ బగ్, పాడైన కేబుల్ లాంటివి అరుదు, ఇవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.