పాత సినిమాని మళ్లీ చూడటం ఎలా

పాత సినిమాలు మళ్లీ చూడకపోవడానికి కారణం అవి బోర్ కొట్టడం కాదు. రాత్రి అలసిపోయి రిమోట్ పట్టుకుంటే ఓటీటీ ముందు వరుసలో కొత్తవే చూపిస్తుంది, పాతది వెతికే ఓపిక ఆ టైంలో ఎవరికీ ఉండదు, పైగా కథ తెలిసిందే కదా, తర్వాత చూద్దాంలే అనుకుంటాం. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు.

అందుకే ఏ సినిమా చూడాలో, అది ఏ యాప్‌లో ఉందో పగలే తేల్చుకోండి. రిస్టోర్ చేసిన, అంటే పాత బొమ్మనీ సౌండ్‌నీ శుభ్రం చేసి బాగుచేసిన ప్రింట్ దొరికితే అదే చూడండి. మసకబారిన బొమ్మ, గరగరలాడే సౌండ్‌తో చూసి సినిమానే బాలేదనడం అన్యాయం.

టీవీ సెట్టింగుల సంగతి మాత్రం అస్సలు వదలొద్దు. 1930ల నుంచి 1950ల మొదటి దాకా వచ్చిన సినిమాలు చాలావరకు 1.37:1 ఫ్రేములో తీసినవి, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లే, మన టీవీలేమో 16:9, అంటే అంతకంటే బాగా వెడల్పు. స్క్రీన్ నిండాలని జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో దాదాపు నాలుగో వంతు పోతుంది, తలలు తెగుతాయి, డాన్స్‌లో పాదాలు కనపడవు. సాగదీస్తే మనుషులు లావైపోతారు. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి, ఎందుకంటే సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాలో టీవీ తనంతట తాను కొత్త ఫ్రేములు కల్పించి ఇరికిస్తే అది సీరియల్‌లా తయారవుతుంది. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ (సినిమాని తీసినట్టే చూపించే సెట్టింగ్) ఉంటే అది ఆన్ చేయండి చాలు.

ఫోన్ పక్క గదిలో పెట్టండి. మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా అనిపించినా ఆపకండి, ఆ నడకకి మనం అలవాటు పడాలి.

కథ తెలియడం నిజానికి మంచిదే. మొదటిసారి మాట్లాడేవాళ్లని చూస్తాం, ఈసారి వినేవాళ్ల ముఖం చూడండి. ఏదో సీన్లో ఒకతను అబద్ధం చెబుతున్నాడని మీకు ముందే తెలుసు కాబట్టి ఆ మాట అనే ముందు చేతిలో గ్లాసు ఎలా కింద పెట్టాడో, ఎదుటి మనిషి కళ్లలోకి ఎందుకు చూడలేదో ఇప్పుడు పట్టుకోగలరు. నటన అంటే ఏంటో నాకైతే ఇలా రెండోసారి చూసినప్పుడే అర్థమవుతుంది.

ఇక థియేటర్లో రీరిలీజ్ అయితే వచ్చే వారం చూద్దాం అనుకోకండి. చాలాసార్లు ఒకటి రెండు షోలే వేస్తారు, కొత్త సినిమా రాగానే తీసేస్తారు. వెళ్లేటప్పుడు ఆ సినిమా ఒక్కసారి కూడా చూడనివాళ్లని ఎవరినైనా వెంట తీసుకెళ్లండి, ట్విస్టు మాత్రం ముందే చెప్పేయకండి.