ఆషాఢానికి ముందు కొని సంక్రాంతికి అమ్ముదామనుకుంటున్నారా? పాత ఇళ్ల వ్యాపారంలో జాగ్రత్తలు

జ్యేష్ఠం వెళ్లేలోగా బయానా ఇచ్చేయాలి. ఆషాఢంలో ఎవరూ రిజిస్ట్రేషన్ పెట్టుకోరు కాబట్టి శ్రావణంలో రాయించుకోవాలి. దసరాకల్లా తాపీ పని అయిపోవాలి. సంక్రాంతికి ఊరొచ్చే హైదరాబాదు వాళ్లకీ అమెరికా వాళ్లకీ చూపించి అమ్మేయాలి. మన గోదావరి జిల్లాల్లో పాత ఇల్లు కొని, బాగుచేసి, లాభానికి అమ్మేవాళ్ల లెక్క ఇంచుమించు ఇదే. కాగితం మీద బాగానే ఉంటుంది. కాకపోతే ఆ ఏడెనిమిది నెలల్లోనే గోదావరికి వరదొస్తుంది, అక్టోబరు నవంబరుల్లో తుపానొస్తుంది, మధ్యలో మూఢం పడితే కొనేవాడు గడప తొక్కడు. ఈ వ్యాపారంలో ఎక్కువ ధర పెట్టి నష్టపోయినవాళ్ల కంటే రోజులు సాగి నష్టపోయినవాళ్లే ఎక్కువ. అందుకే రోజుల్ని సాగదీసేవి ఏవో బయానాకి ముందే వెతుక్కోవాలి.

అమెరికా వీడియోలు చూసి కుర్రాళ్లు 70 శాతం సూత్రం చెబుతుంటారు. బాగుచేశాక ఇల్లు ఎంత పలుకుతుందో అందులో 70 శాతం తీసుకుని, మరమ్మతు ఖర్చు తీసేస్తే మిగిలినదే మనం పెట్టాల్సిన గరిష్ఠ ధర అని. ఆ సూత్రం పుట్టిన చోట టైటిల్‌కి, అంటే యాజమాన్య హక్కుకి ఇన్సూరెన్సు ఉంటుంది, పక్కిల్లు ఎంతకి అమ్ముడుపోయిందో చాలా రాష్ట్రాల్లో రికార్డుల్లో దొరుకుతుంది. మన దగ్గర దస్తావేజులో రాసిన ధర వేరు, చేతులు మారిన సొమ్ము వేరు. ఇక పక్కిల్లు ఎంత పలికిందో టీకొట్టు దగ్గర విన్నదే లెక్క. కాబట్టి శాతాలు పక్కనపెట్టి మన ఖర్చులు వేసుకోండి. 30 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 2.25 లక్షలు. ఆ 30 లక్షల్లో 20 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 40 వేలు, ఏడు నెలలకి 2.80 లక్షలు. ఒక్క సిమెంటు బస్తా దిగకుండానే అయిదు లక్షలు దాటిపోయింది. ఇల్లు సంక్రాంతికి పోకుండా ఉగాదికి జారితే ఇంకో రెండు మూడు నెలల వడ్డీ దానిమీద పడుతుంది.

ముందు సంతకాల సంగతి చూడండి. ఇక్కడ అమ్మకానికొచ్చే పాత ఇళ్లలో చాలావరకు తాతలనాటివే. అడిగితే పెద్దాయన, "మా చెల్లెళ్లకి పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశామండీ, వాళ్లకేం సంబంధం లేదు" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. చట్టం అలా అనుకోదు. పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలన్న పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. తండ్రి స్వార్జితమైనా, వీలునామా రాయకుండా పోతే కూతుళ్లు వారసులే. అందుకే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్న ప్రతి పేరునీ పిలిచి మాట్లాడండి. పెద్దాయన ద్వారా కాదు, నేరుగా మాట్లాడండి. నలుగురు అక్కచెల్లెళ్లలో ఒకరు సంతకం పెట్టనంటే అది బయానాకి ముందు తెలిస్తే టీ ఖర్చుతో పోతుంది, తర్వాత తెలిస్తే ఏళ్లు పడుతుంది.

కోనసీమలో ఇంకో చిక్కుంది. వారసుల్లో ఒకరో ఇద్దరో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. వాళ్లు అక్కడి ఇండియన్ ఎంబసీలో ధ్రువీకరించి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు కట్టించుకోవాలి. కాగితం బీరువాలో పెట్టుకుని రిజిస్ట్రేషన్ రోజున తీస్తే పని ఆగిపోతుంది. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ పవర్ కూడా పోతుందని గుర్తుంచుకోండి. "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చేయించేస్తాం, రిజిస్ట్రేషన్ ఎందుకు దండగ" అనే బ్రోకరు తగిలితే నమస్కారం పెట్టి వచ్చేయండి. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అమ్మేవాళ్లలో విదేశాల్లో ఉండే ఎన్నారై ఉంటే టీడీఎస్, అంటే కొనేవాడు ధరలోంచి కోసి కట్టే పన్ను, దాని లెక్క కూడా మారుతుంది. 50 లక్షలు దాటితే ఒక శాతం అన్న మామూలు నియమం వాళ్లకి వర్తించదు, ఎక్కువ శాతం కోయాలి, కోయకపోతే కొన్నవాడి మెడకి చుట్టుకుంటుంది. ఆడిటర్ని ముందే అడగండి.

కాగితాలు చూసేటప్పుడు మీ కళ్లతో కాదు, రేపు మీ దగ్గర కొనేవాడికి లోనిచ్చే బ్యాంకు లాయరు కళ్లతో చూడండి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లూ తనఖాలూ చూపించే ఈసీ ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. లింకు డాక్యుమెంట్లలో, అంటే చేతులు మారిన పాత దస్తావేజుల్లో ఒకటి తగ్గినా లోను ఆగుతుంది, లోను ఆగితే మీ సంక్రాంతి ఆగుతుంది. గ్రామకంఠంలో, అంటే పాత ఊరి నివాస స్థలంలో ఉన్న ఇళ్లకి చాలాసార్లు పంచాయతీ పన్ను రశీదు, కరెంటు బిల్లు తప్ప ఏమీ ఉండవు. అలాంటివి కొనకూడదని అనను, కానీ చేతిలో డబ్బుండి కొనేవాడికే అమ్మగలం అని ధర కట్టుకోండి. కాలువ గట్టు, డ్రెయిన్ పోరంబోకు, దేవాదాయ భూమి, లంక పట్టాల విషయంలో 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా) చూడకుండా అడుగు వేయొద్దు. ప్రభుత్వం పేదలకి పట్టాగా ఇచ్చిన అసైన్డ్ స్థలం కొంటే, వాటి అమ్మకాల్ని కట్టడి చేసే 1977 చట్టం ఉండనే ఉంది.

ఇక నీళ్ల సంగతి. ఏప్రిల్లో చూసిన ఇల్లు ఆగస్టులో ఉండదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ ఇంటి వీధిలోకి ఏ హెచ్చరిక దగ్గర నీళ్లొస్తాయో ఎదురింటి ముసలమ్మనడిగితే చెబుతుంది. 1986లో ఎక్కడిదాకా వచ్చాయి, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎక్కడిదాకా వచ్చాయి, ఈ రెండూ అడగండి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగితే రాకపోకలు పడవ మీదే. అలాంటి చోట ఇసుక, ఇటుక ఎప్పుడు చేరతాయో మేస్త్రి కూడా చెప్పలేడు. భీమవరం వైపు వరద కంటే మురుగు బెడద ఎక్కువ. యనమదుర్రు లాంటి డ్రెయిన్లు నిండితే నీరు లాగడానికి రోజులు పడుతుంది.

అమ్మకానికి పెట్టిన ఇంటికి కొత్త సున్నమో రంగో వేసి ఉంటారు. గోడకి ఆనించిన బీరువా జరిపించండి, దాని వెనక రంగు వేసి ఉండదు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో అడ్డంగా గోధుమ రంగు గీత కనిపిస్తే అది వరద నీళ్ల ఆనవాలు. గీత కాకుండా తెల్లటి పిండిలా రాలుతుంటే అది ఉప్పు. బండి తాళంచెవితో గీకితే ప్లాస్టరు పెచ్చులుగా వచ్చేస్తుంది. పక్కన రొయ్యల చెరువులుంటే ఇది మరీ ఎక్కువ. దాని మీద ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా రెండో వానాకాలానికి మళ్లీ పైకి వస్తుంది, అప్పుడు కొన్నవాడు మీ ఇంటి ముందు కూర్చుంటాడు. నల్లరేగడి నేల మీద కట్టిన గోడలకి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లుంటే పునాది కదులుతోందని అర్థం. ఇంజినీరు చూడకుండా ధర ఖాయం చేయకండి. దూలాల చివర్లు గోడలో దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, చెదలు అక్కడే మొదలవుతుంది. టేకు బాగుంటే మాత్రం తలుపులు, స్తంభాల విలువ వేరే కట్టించుకోండి. మండువా ఇళ్లలో ఒక్కోసారి గోడల కంటే కలపే ఎక్కువ పలుకుతుంది. వీధిపోటు, ఈశాన్యం కోత లాంటివి మీరు నమ్మినా నమ్మకపోయినా మీ దగ్గర కొనేవాడు సిద్ధాంతిని తీసుకొస్తాడు. అదీ ముందే చూపించుకోండి.

రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా అగ్రిమెంట్ మీదే ఇంకొకరికి మార్చేసి మధ్యలో లాభం తీసుకునే పద్ధతుంది. అమెరికాలో దీన్నే హోల్‌సేలింగ్ అంటారు, అక్కడ కొన్ని రాష్ట్రాలు లైసెన్సు కూడా అడుగుతున్నాయి. ఇక్కడ చేసేవాళ్లు అగ్రిమెంట్లో "మీ పేరున గాని, మీరు కోరిన వారి పేరున గాని రిజిస్టరు చేయగలవారము" అన్న మాట తప్పకుండా రాయించుకోవాలి, ఆ అగ్రిమెంటుని రిజిస్టరు చేయించుకోవాలి. గడువు తేదీ వేయండి. వరదవల్ల, వారసుడు రానందువల్ల ఆలస్యమైతే ఎన్ని రోజులు పొడిగింపో అదీ రాయండి. ఇల్లు ఇంకొకరికి మారుస్తున్నామని అమ్మేవాళ్లకి ముందే చెప్పేయడం మంచిది. మన ఊళ్లలో ఏ సంగతీ నాలుగు రోజులు దాగదు. "మా ఇంటి మీద వీడు అయిదు లక్షలు తిన్నాడట" అని తెలిసినరోజున చెల్లెలి సంతకం కనిపించకుండా పోతుంది. మీరిచ్చిన బయానా కంటే ఎక్కువ కొత్తవాళ్ల దగ్గర తీసుకోవద్దు. బేరం చెడిపోతే అది సివిల్ తగాదాగా ఆగకుండా మోసం కేసు దాకా వెళ్తుంది.

బయానా 20 వేలు, ఆ పైన ఎంతైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నగదు తీసుకున్నవాళ్లకి అంత సొమ్మూ జరిమానాగా పడే నిబంధన ఉంది. ఏటా రెండు మూడు ఇళ్లు మారుస్తుంటే దాన్ని వ్యాపార ఆదాయంగా లెక్కేయొచ్చు.

చేతికి తాళాలు వచ్చాక ముందు పెరట్లో కొబ్బరిచెట్ల మట్టలూ ఎండుకాయలూ దింపించండి, లేకపోతే గాలివానకి పెంకుల మీదే పడతాయి. ఇన్సూరెన్సు తీసుకుంటే ఇల్లు ఖాళీగా ఉంటుందని దరఖాస్తులోనే రాయండి, ఖాళీ ఇళ్లకి షరతులు వేరు. పైకప్పు పని అక్టోబరు తుపాన్లకి ముందే ముగించండి. లోపలి పనులు వానల్లోనైనా సాగుతాయి. రంగులు మాత్రం కార్తీకం వెళ్లి గోడలు ఆరాకే వేయించండి.