శరీరం లోపలి నిలకడ – 3వ పాఠం: చెమట పట్టడం వేరు, ఆరడం వేరు

ఒళ్ళు వేడెక్కగానే, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగమైన హైపోథలామస్ ముందుగా చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుందని పోయిన పాఠంలో చూశాం. ఎండలో చర్మం వేడి 35 డిగ్రీల దాకా ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఆ ఏర్పాటు పనిచేస్తుంది. మే నెలలో చెన్నైలో గాలే 38 డిగ్రీలుంటే, చర్మానికి ఎంత రక్తం వచ్చినా వేడి బయటికి పోదు సరికదా, ఎదురు లోపలికి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమటే.

లెక్క చూడండి. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టేది దాదాపు 100 వాట్లు, అంటే గంటకు 360 కిలోజౌళ్ళు. దానికి 150 మిల్లీలీటర్ల చెమట చాలు, అదీ ఆవిరైతేనే. కారి నేల మీద పడ్డ చుక్క ఒంట్లోని నీళ్ళూ ఉప్పూ పట్టుకుపోతుంది గానీ వేడిని పట్టుకుపోదు.

ఆరేది ఎంతో తేల్చేది గాలిలో తేమ. దాన్ని ఇంట్లో కొలవడమే ఈ వారం పని: తడి గుడ్డ ఆరుతూ థర్మామీటరును ఎంత చల్లబరుస్తుందో చూస్తాం.

0 నుంచి 50 లేదా 110 డిగ్రీల దాకా చూపే ల్యాబ్ థర్మామీటర్లు రెండు కావాలి. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో సైంటిఫిక్ సామాన్ల దుకాణాల్లో అడగండి. జ్వరం చూసేది పనికిరాదు: అందులో పైకెక్కిన అంకె దానంతటది దిగదు. ముందు రెండింటినీ ఒకే మగ్గు నీళ్ళలో 5 నిమిషాలు ఉంచి, తేడా ఉంటే రాసుకోండి. ఇక ఒకదాని బల్బుకు గంజి లేని పాత పంచె గుడ్డ ఒక్క పొర చుట్టి దారం కట్టండి. తడపడానికి క్యాన్ నీళ్ళు వాడండి, బోరు నీళ్ళయితే ఉప్పు పేరుకుంటుంది. ఆ నీళ్ళు గది వేడిలోనే ఉండాలి. మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్ళు ఎలా కాలుతుంటాయో మీకు తెలిసిందే. నీడలో, టేబుల్ ఫ్యాన్‌కు మూరెడు దూరంలో రెండింటినీ వేలాడదీయండి. నిమిషానికొకసారి చూస్తూ, తడిది దిగడం ఆగాక అంకె రాయండి. ముందు తడిది, తర్వాత పొడిది చదవాలి. మొహం దగ్గరగా పెడితే ఊపిరి తగిలి తప్పు వస్తుంది. గుడ్డ ఆరిపోతే తడిది మళ్ళీ పైకెక్కుతుంది, చాలామంది ఆ అంకెనే రాసేస్తారు.

తేమ 60 శాతమున్నప్పుడు 34 డిగ్రీల గాలిలో తడిది 27.6 దగ్గర ఆగుతుంది. తేమ 75 శాతమైతే 30 దాటుతుంది. అనంతపురం వైపు 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే 23 లోపే ఉంటుంది. అక్కడ మాడిపోతున్నా చొక్కా పొడిగా ఉండడానికీ, ఇక్కడ 34కే జిడ్డు కారడానికీ కారణం ఇదే. సముద్రపు గాలి మొదలయ్యాక మళ్ళీ కొలవండి. పొడిది దిగుతుంది. తడిది మాత్రం అంతగా దిగదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. హాయిగా అనిపించేది గాలి వీస్తున్నంతసేపే.

తడిది 35కు చేరితే చెమట ఆరి చల్లబడే వీలే ఉండదు. ప్రయోగాల్లో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకే, తేమ గాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పింది.

కుక్కకు చెమట పాదాల కిందే, అందుకే నాలుక చాపి రొప్పుతుంది. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, బురదలో పడుకుంటుంది. కంగారూ ముంజేతులు నాకి తడుపుకుంటుంది. పని అందరిదీ ఒకటే, ఆరడానికి నీళ్ళు అందివ్వడం.

ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి. జ్వరంలో హైపోథలామస్ తన లక్ష్యాన్నే పైకి జరుపుకుంటుంది, పారాసిటమాల్ దాన్ని దించుతుంది. వడదెబ్బలో లక్ష్యం 37 దగ్గరే ఉంటుంది, వేడి పోవడానికే దారి ఉండదు. కాబట్టి ఆ మాత్ర పనిచేయదు. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి మాట తడబడుతుంటే 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయకండి.

ఉదయం 6, మధ్యాహ్నం 1, సాయంత్రం 5 గంటల రీడింగులు రాసి ఉంచుకోండి. చెమటలో పోయిన నీళ్ళకు కిడ్నీలు ఎలా సర్దుకుంటాయో వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే మొదలుపెడదాం.