మాట్లాడటం నేర్చుకుందాం, 3వ పాఠం: ఒక్క మాట, ఎనిమిది మెట్లు

కథ చెప్పడం, జరిగిన సంగతి చెప్పడం అయ్యాయి కదా, ఈసారిది కాస్త కష్టం, కానీ నాకు అన్నిటికన్నా ఇష్టం. గ్రీకులు ఖ్రేయా అనేవాళ్లు. ఎవరో అన్న ఒక్క మాట పట్టుకుని దాని చుట్టూ చిన్న ప్రసంగం అల్లడం. 4వ శతాబ్దంలో అంతియొకయ నగరంలో చదువుకున్న అఫ్తోనియస్ అనే గ్రీకు గురువు బడిపిల్లల కోసం రాసిన 14 అభ్యాసాల్లో ఇది మూడోది.

ఆయన తీసుకున్న మాట ఏథెన్స్ గురువు ఐసోక్రటీస్‌ది: చదువు చెట్టుకు వేరు చేదు, పండు తీపి. ముందు అన్నవాడిని మెచ్చుకున్నాడు, అదే మాట తన మాటల్లో చెప్పాడు, ఎందుకు నిజమో చెప్పాడు, చేదుకు భయపడి పారిపోయినవాడి గతేమిటో చూపించాడు, రైతుతో పోల్చాడు, గొప్ప వక్త డెమోస్తనీస్‌ను ఉదాహరణగా తెచ్చాడు, పాతకాలపు కవి హెసియడ్‌ను సాక్ష్యానికి పిలిచాడు, రెండు ముక్కల్లో ముగించాడు. అంతే, ఎనిమిది.

మనం "అడగనిదే అమ్మైనా పెట్టదు" తీసుకుందాం. అన్నదెవరో తెలియదు కాబట్టి గ్రీకుల లెక్కలో ఇది సూక్తి, అంటే నాలుగో అభ్యాసం, కానీ మెట్లు అవే. మెచ్చుకోవడానికి మనిషి లేడు, సామెతనే మెచ్చుకోండి. కారణం: అమ్మకు ప్రేమ లేక కాదు, పొయ్యి దగ్గరున్న మనిషికి మీ ఆకలి కనిపించదు. తిరగేస్తే: లెక్క అర్థం కాకపోయినా తలూపిన పిల్లాడు పరీక్షలో తెల్లకాగితం ఇచ్చొస్తాడు. పోలిక: పల్లెవెలుగు బస్సైనా చెయ్యెత్తితేనే ఆగుతుంది. ఉదాహరణ మీ ఇంట్లోంచే తీయండి, కాపీ కొట్టొద్దు. సాక్ష్యానికి ఇంకో సామెత చాలు.

అప్పట్లో ఈ చదువు ఎక్కువగా ఫీజు కట్టగలిగినవాళ్ల కొడుకులకే. ఇప్పుడు సుద్దముక్క ఉంటే చాలు, ఇంగ్లిష్ మీడియం కూడా అక్కర్లేదు. అయినా మనం ఆగస్టు 15కి ఏంచేస్తాం? బాగా చదివే ఒక పిల్లకి కాగితం రాసిచ్చి బట్టీ పట్టిస్తాం, ఆ పిల్ల "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు" దగ్గర మొదలుపెట్టి నాలుగో వాక్యంలో మర్చిపోయి చున్నీ అంచు నలుపుతూ నిలబడుతుంది, మిగతావాళ్లు ఎండలో చప్పట్లు. మీరు టీచరైతే ఎనిమిది మెట్లూ ఎనిమిది మందికి పంచండి. తిరగేసి చెప్పే మెట్టు మాత్రం వెనక బెంచీకి, వాళ్లకది పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ వారం పని: "ఇల్లలకగానే పండగ కాదు" మీద రెండు నిమిషాలు, కాగితం లేకుండా. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, సిగ్గేస్తుంది, వినండి. వచ్చే పాఠం ఖండన.