లోహంపై కర్బన అణువుల పొర: కొలత లెక్కకు కుదరనప్పుడు

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇది. బంగారం పని ప్రమేయం, అంటే లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి, సుమారు 5.3 ఎలక్ట్రాన్ వోల్టులు. పెంటసీన్ అనే కర్బన అణువుల పొర నుంచి ఎలక్ట్రాన్‌ను లాగే శక్తి, అంటే అయనీకరణ శక్తి, 5కు దగ్గర. తీసివేత చేసి చూస్తే రంధ్రాలు (ధన ఆవేశంలా కదిలే ఎలక్ట్రాన్ ఖాళీలు) లోహం నుంచి పొరలోకి వెళ్లడానికి శక్తి అడ్డే ఉండకూడదు. అతినీలలోహిత ఫొటోఎమిషన్‌తో (ఆ కాంతి బయటికి తోసిన ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే పద్ధతి) కొలిస్తే మాత్రం దాదాపు అర ఎలక్ట్రాన్ వోల్టు అడ్డు కనిపిస్తుంది. పరికరాన్ని అనుమానించకండి, తప్పు ఆ తీసివేతలోనే ఉంది.

శుభ్రమైన లోహం అంచున ఎలక్ట్రాన్ మేఘం కొద్దిగా బయటికి పొంగి ఉంటుంది. ఆ పొంగు వల్ల ఏర్పడే ద్విధ్రువమే (విడివడిన ధన, రుణ ఆవేశాల జంట) పని ప్రమేయాన్ని పెంచుతుంది. అణువు వచ్చి కూర్చోగానే, తల ఆనించిన దిండులా, ఆ పొంగు అణిగిపోతుంది. శూన్య స్థాయి (బయటపడిన ఎలక్ట్రాన్ కనీస శక్తి) అక్కడే దిగుతుంది, అణువులోని నిండిన స్థాయిలు ఫెర్మి స్థాయికి (లోహంలో ఎలక్ట్రాన్లు నిండి ఉండే పై హద్దు) దూరంగా జరుగుతాయి. గాలి తగిలిన బంగారంపై ఈ పనిలో చాలా భాగం హైడ్రోకార్బన్ల మురికి ముందే చేసి ఉంటుంది. ఒక ప్రయోగశాల బంగారం మరో ప్రయోగశాల బంగారంతో పోలకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అందుకే పట్టికలోని అంకెను పక్కన పెట్టండి. ఆర్గాన్ అయాన్లతో ఉపరితలాన్ని చెక్కి, వేడిచేసి, 10⁻¹⁰ మిల్లీబార్ శూన్యంలో ముందు ఉత్త లోహాన్నే కొలవండి. నమూనాకు మైనస్ 5 వోల్టులు ఇస్తే తక్కువ శక్తి ఎలక్ట్రాన్ల అంచు స్పష్టంగా విడిపడుతుంది. ఫెర్మి అంచు నుంచి అక్కడి దాకా ఉన్న వెడల్పును హీలియం దీపం ఫొటాన్ శక్తి 21.22 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి తీసివేయండి, వచ్చేదే పని ప్రమేయం. తర్వాత అణువులను కొద్దికొద్దిగా పేర్చుతూ ప్రతిసారీ కొలవండి. మార్పు మొదటి పొరతోనే ఆగితే కారణం పైన చెప్పిన అణచివేతే కావచ్చు. పొర మందమయ్యేకొద్దీ వర్ణపటంలోని శిఖరాలు జరుగుతూనే ఉంటే దీపం కాంతి తగ్గించి చూడండి. అవి వెనక్కి వస్తే నమూనాలో ఆవేశం పేరుకుంటోందని అర్థం.

వెండిపై అణువులు వేయకముందే ఫెర్మి స్థాయి కింద 2 ఎలక్ట్రాన్ వోల్టులు దాటగానే చిన్న గుబ్బ కనిపిస్తే అది హీలియం దీపంలోని 23.09 ఎలక్ట్రాన్ వోల్టుల అదనపు రేఖ పని. వెండి డీ పట్టీ (డీ ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల గుంపు) నీడ, ఆ రెండు రేఖల తేడా అయిన 1.87 మేర, ఫెర్మి స్థాయి వైపు ముందుకు పడుతుంది. ఉత్త వెండి వర్ణపటం ఆధారంగా ఆ భాగాన్ని తీసివేయండి, లేదా ఒకే శక్తి కాంతిని వడగట్టే మోనోక్రోమేటర్ వాడండి.

వెండి స్ఫటికపు 111 ముఖంపై (ఒక నిర్దిష్ట తలం) పీటీసీడీఏ అనే చదునైన కర్బన అణువు వేశాక ఫెర్మి స్థాయి కిందనే కొత్త శిఖరం వస్తే కంగారు పడకండి. లోహం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు అణువులోని ఖాళీ స్థాయిని కొంత నింపాయి. ఉత్త వెండిపై ఫెర్మి కింద 0.06 దగ్గరుండే ఉపరితల స్థితి (ఉపరితలానికే పరిమితమైన ఎలక్ట్రాన్ స్థితి) మాయమవడాన్నీ వెంటనే మురికికి అంటగట్టకండి. అది లోహానికీ పొరకూ మధ్యనుండే అంతరతల స్థితిగా మారి ఫెర్మికి పైన 0.6 దగ్గరికి చేరుతుంది. ఖాళీ స్థితి కాబట్టి మామూలు ఫొటోఎమిషన్‌కు చిక్కదు. ఒక ఫొటాన్ ఎలక్ట్రాన్‌ను ఆ స్థితికి ఎత్తి, మరొకటి బయటికి తీసే రెండు ఫొటాన్ల పద్ధతిలో వెతకండి.