‘ఇంకొక్కటి’ అని ఎవరైనా అరిస్తే బార్ పెట్టేయండి: స్క్వాట్ చేసేవాళ్లకు నడుము జాగ్రత్తలు

పోయిన వారం హన్మకొండలో ఒక జిమ్‌లో డిగ్రీ చదివే పిల్లోడు స్క్వాట్ (బరువుల బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) చేస్తూ కింద నుంచి లేవలేక అట్లనే కూలబడ్డాడు. బార్ వెనక్కి జారి పడింది కాబట్టి మెడకు ఏం కాలేదు. నడుము మాత్రం పట్టేసింది. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని ఆటో ఎక్కించారు. ‘అప్పటిదాకా మంచిగనే తీసిండన్నా’ అన్నారు దోస్తులు. వాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో చూశాను. మంచిగా ఏం తీయలేదు. మూడో రెప్ (ఒకసారి కూర్చుని లేస్తే ఒక రెప్) నుంచే పిరుదులు ముందు లేస్తున్నాయి, ఛాతీ ఆలస్యంగా వస్తోంది. పక్కనున్నవాళ్లు అది చూడకుండా ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అని అరుస్తున్నారు.

చలికాలం వచ్చింది. పోలీసు నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినపడితే చాలు, జేఎన్‌ఎస్ స్టేడియం, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ తెల్లారకముందే నిండిపోతాయి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు పెట్టారు. అన్నింటికీ తొడల్లో బలం కావాలి కాబట్టి అందరూ స్క్వాట్ మీద పడతారు. పడాల్సిందే, మానేయమని నేను చెప్పడం లేదు. వార్మప్ చేయండి, నీళ్లు తాగండి లాంటివి కూడా చెప్పను. అవి మీ జిమ్ గోడ మీదే రాసి ఉంటాయి.

పిరుదులు ముందు లేస్తే

నేను చూసినంతలో నడుము పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఒకటే తప్పు చేశారు. బరువు ఎక్కువైందో, తొడలు అలసిపోయాయో, కింద నుంచి లేచేటప్పుడు పిరుదులు పైకి వచ్చేస్తాయి, ఛాతీ మాత్రం కిందే ఉండిపోతుంది. అప్పటికే అది స్క్వాట్ కాదు, బరువు భుజాన వేసుకుని నడుముతో లేవడం. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా నడుస్తాం, అదే బిందెను చేతులు చాచి పట్టుకోమంటే నిమిషం ఆగలేం. ఒళ్లు ముందుకు వాలినకొద్దీ బార్ నడుముకు దూరం జరుగుతుంది. ప్లేట్లు అవే, కానీ నడుము కింది పూసల మీద పడే భారం అంతకంతా పెరుగుతుంది. దానికి తోడు నడుము గుండ్రంగా వంగిందంటే డిస్క్ మీద ఒత్తిడి ఇంకా ఎక్కువ.

ఒక్క రెప్ అలా వచ్చినంత మాత్రాన ఏం కాదు. అలా వచ్చాక ఇంకొకటి తీస్తారు చూడండి, అక్కడే దెబ్బ. అది మీకు తెలియదు కూడా, ఎందుకంటే బార్ కింద ఉన్నవాడికి తన వీపు కనపడదు. అందుకే ఫోన్ ముందు పెట్టి రీల్ తీసుకోవడం కాదు, పక్కన తుంటి ఎత్తులో పెట్టండి. పిరుదులు, ఛాతీ ఒకేసారి లేస్తున్నాయా లేదా అన్నదొక్కటే చూడండి. లేవకపోతే ఆ సెట్ (ఆగకుండా వరుసగా తీసే రెప్‌లు) అయిపోయినట్టే. పది అనుకుని ఆరు దగ్గర ఆగినా అయిపోయినట్టే.

బరువు, లోతు

ఇప్పటికే పిరుదులు ముందు లేచే అలవాటు ఉంటే బరువు సగానికి దించండి. కిందికి వెళ్లడానికి మూడు సెకన్లు తీసుకుని, అడుగున ఒక సెకను ఆగి లేవండి. కొన్ని వారాలు బార్ వదిలేసి డంబెల్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుని చేస్తే ఇంకా మంచిది. బరువు ముందు ఉంటుంది కాబట్టి ఛాతీ దానంతటదే నిటారుగా ఉంటుంది, ముందుకు వాలితే డంబెల్ చేతుల్లోంచి జారిపోతుంది. అంతకన్నా మంచి కోచ్ ఉండడు.

లోతు విషయంలో పంతం వద్దు. బాగా కిందికి పోయినప్పుడు కొందరికి తోక ఎముక లోపలికి ముడుచుకుని నడుము గుండ్రమవుతుంది. మీది ఎక్కడ ముడుచుకుంటుందో వీడియోలో చూసి, దానికి బెత్తెడు పైనే ఆగండి. చీలమండలు బిగుసుకుపోయినవాళ్లు మడమల కింద రెండు చిన్న ప్లేట్లు పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. బస్కీలు వందలు తీసిన ఒళ్లు కదా అని బార్ కింద అదే లోతుకు, అదే వేగంతో పోకండి. బస్కీలో మోసేది మీ బరువు మాత్రమే.

ఇంకా కొన్ని ఉన్నాయి, వరుసగా చెప్పేస్తాను.

నిద్ర లేచిన గంట లోపల బార్ ముట్టొద్దు. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, ఆ సమయంలో వంగితే మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. పరుగు తీసి, నడిచి, ఆ తర్వాత రండి.

పరకాల నుంచో నర్సంపేట నుంచో 30, 40 కిలోమీటర్లు బండి మీద వచ్చి దిగగానే స్క్వాట్ వద్దు.

ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసిన రోజు, ఇంట్లో వడ్లు ఎత్తిన రోజు స్క్వాట్ లేదు. నడుముకు డ్యూటీ అయిపోయింది.

బెల్ట్ కట్టుకుంటే నడుము గట్టిపడదు. కడుపు నిండా గాలి పీల్చి, పొట్టను బెల్ట్ మీదికి బిగిస్తేనే అది పనిచేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టే పద్ధతి డాక్టర్‌ను అడగకుండా చేయొద్దు.

మెత్తటి రన్నింగ్ షూతో స్క్వాట్ చేయొద్దు. వట్టి కాళ్లు నయం.

రాక్‌లో (బార్ ఆనించే స్టాండ్) బార్ జారితే ఆపే సేఫ్టీ రాడ్లు పెట్టకుండా బార్ కిందికి దూరొద్దు. 2025 ఫిబ్రవరిలో బికనీర్‌లో పదిహేడేళ్ల పవర్‌లిఫ్టర్ 270 కిలోల బార్ మెడ మీద పడి చనిపోయింది. పక్కన ట్రైనర్ ఉండగానే.

పండక్కి ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చారా? పాత బరువుతో మొదలుపెట్టొద్దు.

ప్లేట్లు పెంచడానికి ‘వాడు పెంచాడు’ అన్నది కారణం కాదు.

పిరుదులు ముందు లేచాయా? ఆపండి. ఎవడు అరిచినా ఆపండి. అరిచేవాడు మీతో హాస్పిటల్‌కు రాడు.

పట్టేసిన నడుముకు ఇంజెక్షన్ వేయించుకుని మర్నాడే బార్ కిందికి పోవద్దు. నొప్పి తెలియకుండా పోయింది, దెబ్బ అక్కడే ఉంది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తన్నించుకోవద్దు. పెద్దవాళ్లు చెప్పినా వద్దు.

వారాల తరబడి మంచం ఎక్కొద్దు. మామూలు పట్టు అయితే నెమ్మదిగా నడవండి, వంగి బరువులెత్తకండి, కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. తొడలు రెండు రోజులు లాగితే కంగారు పడకండి. నొప్పి పిరుదుల మీదుగా మోకాలు దాటి కిందికి పాకుతుంటే మాత్రం బామ్ రాసుకుంటూ కూర్చోకండి, ఎముకల డాక్టర్‌కు చూపించండి.

పాదం పైకి లేవకపోయినా, కాళ్లల్లో బలం తగ్గుతున్నా, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా టెన్షన్ పడాల్సిందే. నరాలు నొక్కుకుపోతున్నాయేమో వెంటనే చూడాలి. ఆలస్యమైతే ఆ నష్టం మళ్లీ పూడకపోవచ్చు. అర్ధరాత్రయినా సరే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.