మరదలా అని పిలిచినంత మాత్రాన వరస కలవదు: పని చేసే చోట వేధింపులకి కంప్లైంట్ ఎలా పెట్టాలి

మా గోదారి వైపు కొత్త మనిషి కనపడితే ముందు వరస కలపాల్సిందే, పేరు అడగడం తర్వాత. పెద్దాయనైతే బాబాయ్, ఈడు వాళ్ళయితే బావా, వదినా, మరదలా. బావామరదళ్ళ మధ్య నాలుగు సరసపు మాటలు పడటం పెళ్ళిళ్ళలో, ఊడ్పుల దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే, ఇద్దరికీ ఇష్టమైతే దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ అదే వరసని తీసుకొచ్చి రొయ్యల ప్లాంటులోనో, బట్టల షాపులోనో, ఆఫీసులోనో పక్కన పని చేసే ఆవిడ మీద వాడేసి, ఆవిడ మొహం మాడ్చుకుంటే "సరదాకి అన్నాను మరదలా, దానికే అంత సీరియస్ అయిపోతావేంటి" అనేవాళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళ వల్ల రోజూ నలిగిపోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను భీమవరం వైపు ఒక ప్లాంటులో అకౌంట్స్‌లో పని చేశాను, అక్కడ ముగ్గురికి నా చేత్తో కంప్లైంట్లు రాసిచ్చాను. మొదటిది తారీఖులు లేవని వెనక్కి వచ్చేసింది, ఆ అమ్మాయి మళ్ళీ అన్నీ గుర్తు తెచ్చుకుని రాసుకునేసరికి గడువు దాదాపు దగ్గర పడిపోయింది. ఆ తప్పు ఇంకెవరూ చేయకూడదని నాకు గట్టిగా ఉంది.

చట్టం పేరు పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013, అందరూ పోష్ చట్టం అంటారు. 2013 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలే దిక్కు. ఆ కేసు పేరు చూసి మన వైజాగ్‌లో జరిగిందనుకుంటారు చాలామంది, కాదండి, రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే ఆవిడకి జరిగిన అన్యాయం మీద విశాఖ అనే సంస్థా, ఇంకొందరూ కలిసి కోర్టుకి వెళ్తే వచ్చింది అది.

ఏది వేధింపు, ఏది కాదు

ఒంటి మీద చెయ్యి వేయడం, కోరిక తీర్చమని అడగడం, బూతు బొమ్మలు వీడియోలు చూపించడం, ఇవి వేధింపు అని అందరికీ తెలుసు. అదే చట్టంలో సెక్స్ అర్థం వచ్చేలా మాట్లాడటం కూడా విడిగా రాసి ఉంది, అంటే డబుల్ మీనింగ్ జోకులు, ఒళ్ళు గురించి కామెంట్లు, "మీ ఆయన దుబాయ్‌లో ఉంటే నీకు రాత్రిళ్ళు ఎలా" లాంటి ప్రశ్నలు. చెయ్యి తగల్లేదు కాబట్టి కేసు కాదు అనే మాట నమ్మకండి. సైగలు, ఈలలు, అదోలా చూడటం కూడా ఇందులోకే వస్తాయి. చట్టం చూసే అసలు సంగతి ఒక్కటే, అది ఆవిడకి ఇష్టం లేనిదా కాదా. అన్నవాడు సరదాకే అన్నాడా, పక్కనున్నోళ్ళు నవ్వారా అనేది తర్వాతి మాట.

ఇక్కడే అందరూ భయపడే ప్రశ్న ఒకటుంది, "నువ్వూ నవ్వావు కదా, నువ్వూ తిరిగి అన్నావు కదా" అని. నిజమే, పీలింగ్ షెడ్‌లో ఎనిమిది గంటలు చల్లనీళ్ళలో నిలబడి రొయ్యల తలలు తీస్తుంటే కబుర్లు లేకుండా పొద్దు గడవదు, ఒక్కోసారి మాటకి మాట మనమూ అంటాం. నిన్న నవ్వామని ఇవాళ్టి మాటకి ఒప్పుకున్నట్టు కాదు. ఒకళ్ళతో చనువుగా ఉన్నామని ఇంకొకళ్ళకి ఆ చనువు ఇచ్చినట్టూ కాదు. మీరు నవ్విన సంగతి దాచొద్దు, కంప్లైంట్‌లో మీరే రాసేయండి, "మొదట్లో గొడవెందుకని నవ్వి ఊరుకున్నాను, ఫలానా రోజు నుంచి వద్దని చెప్పాను" అని. ఎదుటివాళ్ళు బయటపెడితే మన మాట పలచనైపోతుంది, మనమే చెప్తే అది మన బలం అవుతుంది.

ఎవరికి ఇవ్వాలి

మీరు పని చేసే చోట పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అక్కడ అంతర్గత కమిటీ ఉండి తీరాలి, ఐసీ అంటారు. ఈ పదిమందిలో పర్మనెంట్ వాళ్ళే కాదు, మేస్త్రీ కింద వచ్చే కాంట్రాక్ట్ వాళ్ళు, రోజు కూలీలు, ట్రైనీలు అందరూ లెక్కే. కమిటీకి ఒక సీనియర్ మహిళా ఉద్యోగి పెద్దగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, బయట స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు ఉండాలి. వాళ్ళ పేర్లు పని చేసే చోట కనపడేలా పెట్టడం యజమాని బాధ్యత. గోడ మీద ఏమీ లేకపోతే హెచ్ఆర్‌ని అడగండి, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అడిగితే అడిగినట్టు రుజువు ఉంటుంది. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా ఫైన్ ఉంది.

పదిమంది కన్నా తక్కువుంటే, అంటే చిన్న రైసు మిల్లు, నర్సరీ, మెడికల్ షాపు, లేసు పని చేయించే ఇల్లు, లేదా వేధించేది యజమానే అయితే, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, ఎల్సీ అంటారు. మన దగ్గర యజమానే వేధిస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం అని ఊరుకునేవాళ్ళు చాలామంది, సరిగ్గా వాళ్ళ కోసమే ఈ కమిటీ ఉంది. ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు కూడా ఇక్కడికే వెళ్ళొచ్చు. మండల స్థాయిలో నోడల్ ఆఫీసర్ అని ఒకరు ఉండాలి, ఆయన కంప్లైంట్ తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి. ఎవరో తెలీకపోతే జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి, మన వాళ్ళు ఐసీడీఎస్ పీడీ ఆఫీసు అంటారు కదా, అదే.

జిల్లా దగ్గర తికమక పడేవాళ్ళు ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక పశ్చిమ గోదావరికి భీమవరం, తూర్పు గోదావరికి రాజమండ్రి, కోనసీమకి అమలాపురం హెడ్‌క్వార్టర్ అయ్యాయి, కాకినాడ, ఏలూరు వేరే జిల్లాలు. మీ ఇల్లు ఎక్కడ అని కాదు, పని ఎక్కడ అనేది చూసుకోండి. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి (అదే, గోదారి దాటించే పెద్ద పడవ) నరసాపురం పనికెళ్ళే ఆవిడ అమలాపురం కాదు, భీమవరంలో ఇవ్వాలి. కంపెనీ పెట్టిన బస్సులో జరిగినా అది పని చేసే చోటు కిందికే వస్తుంది, నైట్ షిఫ్ట్ బస్సుల్లో జరిగేవి చాలామంది వదిలేస్తున్నారు, వదిలేయకండి.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇద్దామని కొందరు వెళ్తారు. వెళ్ళొచ్చు, కానీ అంత జనంలో కౌంటర్ దగ్గర నిలబడి విషయం అంతా చెప్పొద్దు. కవర్‌లో పెట్టి అతికించి, పైన స్థానిక కమిటీకి అని రాసి ఇవ్వండి, రసీదు మాత్రం అడిగి తీసుకోండి. ఇల్లు కదలకుండా పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ షీబాక్స్ ఉంది, 2024 ఆగస్టులో దాన్ని కొత్తగా చేశారు, అందులో పెడితే సంబంధిత కమిటీకి వెళ్తుంది, ఏ దశలో ఉందో చూసుకోవచ్చు.

ఎలా రాయాలి

దీనికి ఫీజు లేదు, స్టాంపు పేపర్ అక్కర్లేదు, ఫలానా ఫారమే అని రూల్ లేదు, తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. చదువు రాకపోతే కమిటీ వాళ్ళే రాయడానికి సాయం చేయాలి, అది వాళ్ళ దయ కాదు, చట్టంలో ఉంది. మొత్తం 6 కాపీలు ఇవ్వాలి, మీ దగ్గర ఏడోది ఉంచుకోండి, సాక్షుల పేర్లు అడ్రస్‌లు, ఉన్న ఆధారాలు కూడా జత చేయండి.

గడువు 3 నెలలు. చాలాసార్లు జరిగితే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. ఒంట్లో బాగోలేదనో, బెదిరించారనో సరైన కారణం రాస్తే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు. పండగెళ్ళాక చూద్దాం, పెళ్ళి సీజన్ అయ్యాక చూద్దాం అంటూ పోతే మూడు నెలలు ఇట్టే అయిపోతాయండి.

ఇక అసలు రాత. "మా సూపర్‌వైజర్ నాతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడు, చర్య తీసుకోగలరు" అని రాస్తే కమిటీకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇలా రాయండి: "ఫలానా తారీఖు రాత్రి షిఫ్ట్‌లో పదకొండున్నరకి గ్రేడింగ్ టేబుల్ దగ్గర నన్ను మరదలా అని పిలిచి, 'ఈ రాత్రికి డ్యూటీ నాతోనే వేయించుకో, చలి పోద్ది' అన్నాడు. పక్కన ఇద్దరున్నారు. ఇలా మాట్లాడొద్దండి అని చెప్పాను. మర్నాడు నా పేరు తీసుకెళ్ళి ఐస్ రూమ్ డ్యూటీలో వేశాడు." చూడండి, తేదీ, టైమ్, చోటు, అన్న మాట, విన్నవాళ్ళు, మీరేం చెప్పారు, తర్వాత ఏం జరిగింది, అన్నీ వచ్చేశాయి. ఆ చివరి ముక్క చాలా ముఖ్యం, ఎందుకంటే ఒప్పుకోలేదని పని మార్చినా, జీతం కోసినా, తీసేస్తానని బెదిరించినా చట్టం దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

అన్న మాటని ఉన్నదున్నట్టు రాయాలి, ఇది అందరికీ కష్టంగా ఉండే పని. నేను రాసిచ్చిన ముగ్గురిలో ఒకావిడకి నలభై దాటాయి, ఆ మాట పలకలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది, చివరికి నా చేతిలో పెన్ను లాక్కుని తనే కాగితం మీద రాసింది. ఆ బూతు మీది కాదు, వాడిది, మీరు రాసినంత మాత్రాన మీ నోరు మైల పడదు. తారీఖు గుర్తు లేకపోతే "దసరా బోనస్ ఇచ్చిన మర్నాడు" అని రాసినా దాని బట్టి తేదీ తేల్చుకోవచ్చు. జరిగిన రోజే చిన్న నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

వాట్సాప్‌లో వస్తే స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ కనపడాలి, చాట్ మాత్రం చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. కోపంతో స్టేటస్‌లో పెట్టేయకండి, కంప్లైంట్ వివరాలు, అందులో ఉన్నవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదని చట్టంలో ఉంది, అది మీకూ రక్షణే.

ఇచ్చిన తర్వాత

7 పనిదినాల్లో కాపీ అవతలివాడికి వెళ్తుంది, అతను 10 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. లాయర్లని రానివ్వరు, ఇద్దరికీ. రోజూ వాడి మొహం చూస్తూ పని చేయలేననుకుంటే విచారణ జరిగినన్నాళ్ళూ మిమ్మల్ని గానీ అతన్ని గానీ వేరే చోటికి మార్చమని, లేదా 3 నెలల వరకు సెలవు ఇవ్వమని అడగొచ్చు, ఈ సెలవు మీకున్న లీవుల్లోంచి తగ్గించకూడదు. ఇది రాతపూర్వకంగా అడిగితేనే కమిటీ సిఫార్సు చేస్తుంది, కాబట్టి కంప్లైంట్‌తో పాటే అడిగేయండి.

ఈలోపు ఊళ్ళో పెద్దలు వస్తారు, కూర్చుని మాట్లాడుకుందాం అంటారు. చట్టంలోనూ రాజీ ఉంది, కానీ అది మీరు అడిగితేనే, విచారణ మొదలవక ముందే, డబ్బు తీసుకుని రాజీ పడటానికి వీల్లేదు. ఎవరో కవర్ తెచ్చి పెడితే ముట్టుకోవద్దు. "తప్పుడు కేసు అని నీ మీదే పెడతాం" అని బెదిరిస్తారు కూడా. రుజువు చేయలేకపోయినంత మాత్రాన తప్పుడు కంప్లైంట్ అయిపోదు, కావాలని అబద్ధం చెప్పారని విచారణలో తేలితేనే చర్య.

విచారణ ముగిశాక కమిటీ 10 రోజుల్లో రిపోర్ట్ ఇస్తుంది, రుజువైతే అందులో చెప్పింది యజమాని 60 రోజుల్లో అమలు చేయాలి. అతని జీతంలోంచి మీకు పరిహారం ఇప్పించే అధికారం కూడా ఉంది.

పోలీస్ కేసు దీనికి అడ్డం కాదు, రెండూ ఒకేసారి నడుస్తాయి. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ ప్రకారం అసభ్యంగా మాట్లాడితే ఏడాది దాకా, తాకినా, కోరిక తీర్చమని అడిగినా 3 ఏళ్ళ దాకా శిక్ష. అప్పటికప్పుడు భయంగా ఉంటే 112, మహిళా హెల్ప్‌లైన్ 181. ఉచిత లాయర్ కోసం 15100, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఇస్తారు.

మగవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. కొత్తగా చేరిన కుర్రాడి చుట్టూ చేరి ఆడవాళ్ళు ఏడిపించడం నేను కళ్ళారా చూశాను, ఆ అబ్బాయి వారం తిరక్కుండా పని మానేశాడు. ఈ చట్టం కింద కంప్లైంట్ పెట్టేది మహిళే, మగవాళ్ళకి ఆ దారి లేదు. కంపెనీ సొంత రూల్స్‌లో అందరికీ వర్తించేలా ఉంటే హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, రాసే పద్ధతి మాత్రం పైన చెప్పిందే.

కమిటీ నిర్ణయం నచ్చకపోతే 90 రోజుల్లో కోర్టుకి గానీ ట్రిబ్యునల్‌కి గానీ అప్పీల్ వెళ్ళొచ్చు. గడువుల లెక్క అంతా తారీఖుల మీదే కాబట్టి, కంప్లైంట్ ఇచ్చిన రోజు మీ ఏడో కాపీ మీద ముద్ర, సంతకం, తేదీ పడ్డాయో లేదో ఆ టేబుల్ దగ్గర నిలబడే చూసుకోండి, రేపు రండి వేసిస్తాం అంటే కదలొద్దు.